బైబిల్లో పిట్టలు, మా ఎరుక

ప్రతి ఏటా నవంబరు నెలలో ధారూర్ దగ్గర మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. వికారాబాద్, తాండూరు, పరిగి పక్కల ఊళ్ల నుంచి కుటుంబాలు మూటాముల్లెతో వచ్చి చెట్ల కింద గుడారాలు వేసుకుంటాయి. మేము కూడా పోతాం. వేదిక వెనక కట్టిన పెద్ద బ్యానర్ మీద తెల్ల పావురం బొమ్మ ఉంటుంది. దాని పైన చెట్టు కొమ్మ మీద నిజం కాకులు కూచుని, కింద పారేసిన అన్నం కోసం చూస్తుంటాయి. పావురం బొమ్మకు దండం పెట్టిన పిల్లలే కాకుల మీదికి రాయి విసురుతారు.

ఒక ఏడు మా వెంట వచ్చిన పిల్లలను అడిగాం, బైబిల్లో ఏ పిట్టకు ఏం అర్థమని. టక్కున చెప్పారు. పావురం అంటే పరిశుద్ధాత్మ. కాకి అంటే పాపం. గుడ్లగూబ అంటే సైతాను. పక్షిరాజు అంటే బలం. ఎవరు చెప్పారంటే ప్రసంగంలో విన్నామన్నారు. పక్కన కూచున్న మా అవ్వ నవ్వి, "ప్రవక్తకు బువ్వ తెచ్చింది కాకే గద బిడ్డా" అన్నది. అవ్వకు చదువు రాదు, గాని విన్నది మరవదు.

ఆ మాట దగ్గర ఈ వ్యాసం మొదలైంది. మేము ఎరుకల వాళ్లం. గంపలు అల్లిన చేతులు, ఎరుక చెప్పిన నోళ్లు మావి. మా పెద్దలకు పిట్టల సంగతి బాగా తెలుసు. క్రైస్తవంలోకి వచ్చినప్పుడు ఆ తెలివినంతా మూఢనమ్మకమని గంపకెత్తి బయట పారబోశాం. అట్లా పారబోసింది ఏమిటో, ఉంచుకోవలసింది ఏమిటో తెలియాలంటే బైబిల్లోని పిట్టలను మళ్లీ ఒకసారి చూడాలి.

పేర్లు మన నోటివే

తెలుగులో బైబిలు ఒక్కరోజులో రాలేదు. 18వ శతాబ్దంలో జర్మనీ నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి అనువదించాడు గాని అది అచ్చు కాలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయరు వారికి తోడయ్యాడు. దొరలిద్దరూ 1810 కల్లా చనిపోయారు. వారు మొదలుపెట్టిన సువార్తలు తర్వాత శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇంకొందరు చేయి వేయగా 19వ శతాబ్దం మధ్యకు పూర్తి బైబిలు తయారైంది.

మా వైపు కథ రైలుతో ముడిపడింది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు దారి 1874లో వచ్చింది. తాండూరు, ధారూర్, వికారాబాద్ ఆ దారి మీది స్టేషన్లే. వికారాబాద్‌లో మెథడిస్టు మిషన్ బడి, ఆసుపత్రి పెట్టింది. ఆ బాటనే తెలుగు బైబిలు ఊళ్లకు చేరింది.

పాలస్తీనా దేశపు పిట్టలకు తెలుగు పేర్లు పెట్టడం అనువాదకులకు తేలిక పని కాదు. హీబ్రూ పేర్లలో కొన్ని ఏ పిట్టవో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. అయినా తెలుగు బైబిల్లో ఉన్న పేర్లు చూడండి. వానకోవెల, మంగలకత్తి పిట్ట, ఓదెకొరుకు, సంకుబుడి కొంగ, పగిడికంటె, గూడబాతు, కౌజుపిట్ట, పూరేడు. మంగలి కత్తి తీరుగా రెక్క వంగి ఉన్న పిట్టకు ఆ పేరు పెట్టాలంటే, ఆకాశంలో దాని రెక్కను చూసి ఉండాలి. ఇవి పొలంలో, చెరువు గట్టున తిరిగినవాళ్ల నోట పుట్టిన పేర్లు. అంటే తెలుగు బైబిలు చదివే ప్రతివాడూ తెలియకుండానే చదువు రాని పల్లె జనం దగ్గర అప్పు తెచ్చుకున్న మాటలు చదువుతున్నాడు.

కొన్ని మాటలు ఇంకా దూరం పోయాయి. సొలొమోను రాజు ఓడలు తెచ్చిన సరుకుల్లో నెమళ్లు ఉన్నాయని మొదటి రాజుల గ్రంథంలో ఉంది. అక్కడి హీబ్రూ మాట 'తుక్కియీం'. ఇది నెమలి పురికి తమిళంలో ఉన్న 'తోకై' నుంచి పోయిందని చాలామంది పండితులు అంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు. మన 'తోక' ఆ తోకైకి చుట్టమే. నెమలి మన దేశపు పిట్ట. తొలి క్రైస్తవులు రోమ్‌లోని సమాధి గుహల గోడల మీద చావులేని జీవితానికి గుర్తుగా దాని బొమ్మ వేశారు.

కాకి చేసిన తప్పేమిటి?

జలప్రళయం కథలో నోవహు మొదట పంపింది కాకిని. అది ఇటూ అటూ తిరుగుతూ ఉండింది. తర్వాత గువ్వను పంపాడు. మొదటిసారి కాలు పెట్టే చోటు దొరక్క తిరిగి వచ్చింది. రెండోసారి ఒలీవ ఆకు తెచ్చింది. మూడోసారి తిరిగి రాలేదు. కాకి పాపి అని ఆ కథలో ఒక్క మాట లేదు. మనిషి నీళ్ల మీద చిక్కుకుని, నేల ఎక్కడుందో తెలియక, పిట్టను అడిగాడు. కథ అంతే చెబుతోంది.

ఇంతకంటే పాతదైన బాబిలోను దేశపు గిల్గమేషు కథలో కూడా ప్రళయం ఉంది. అక్కడ మొదట గువ్వ, తర్వాత వానకోవెల, చివరికి కాకి. ఆ కథలో నేల దొరికిందని తెలిసింది కాకి వల్లనే. తిండి దొరికింది కాబట్టి అది తిరిగి రాలేదు. పాతకాలపు ఓడవాళ్లు గట్టు వెతకడానికి పిట్టలను వదిలేవారు. రెండు కథల వెనక ఉన్నది ఆ అనుభవమే.

కాకి మీద నింద తర్వాత వచ్చింది. నాలుగు, ఐదు శతాబ్దాల మధ్య బతికిన అగస్టీను అనే గొప్ప బోధకుడు కాకి అరుపును లాటిన్ మాటతో పోల్చాడు. లాటిన్‌లో 'క్రాస్' అంటే రేపు. మారుమనస్సును రేపు రేపు అని వాయిదా వేసేవాడు కాకి వంటివాడని ఆయన బోధించాడు. బోధకు బాగానే ఉంది. గాని అది అగస్టీను చెప్పిన అర్థం, నోవహు కథ చెప్పిన అర్థం కాదు.

బైబిలు కాకి గురించి చెప్పినది వేరు. లేవీయకాండంలో కాకి తినకూడని, అపవిత్రమైన పిట్ట. కరువులో ఏలీయా ప్రవక్త కెరీతు వాగు దగ్గర దాక్కున్నప్పుడు పొద్దున, సాయంత్రం రొట్టె, మాంసం తెచ్చి పెట్టింది ఆ అపవిత్రమైన పిట్టే. యేసు తన శిష్యులకు చింత వద్దని చెబుతూ కాకులను చూడమన్నాడని లూకా రాశాడు. విత్తని, కోయని, గరిసె లేని కాకులను దేవుడు పోషిస్తున్నాడని ఆయన బోధ. అవ్వ చెప్పిందే నిజం. ఊరు ముట్టనివాళ్ల చేతి బువ్వతో ప్రవక్త బతికాడు. దీని అర్థం ఎరుకల ఇంట్లో, మాదిగ ఇంట్లో పుట్టిన పిల్లలకు ఎవరూ విప్పి చెప్పనవసరం లేదు.

గుడ్లగూబ సంగతీ ఇంతే. 102వ కీర్తనలో జబ్బుపడి, ఒంటరిగా, నిద్రలేక ఉన్న మనిషి తనను పాడుచోట ఉండే పగిడికంటెతో పోల్చుకున్నాడు. అక్కడ అది దిక్కులేని మనిషికి గుర్తు. దాన్ని సైతాను చేసింది మన భయం.

కాసుకు రెండు

బైబిల్లోని పిట్టల్లో ఎక్కువ మాట్లాడేవి చిన్నవి, చవకవి. మోషే ధర్మశాస్త్రం ప్రకారం బాలింత గొర్రెపిల్లను అర్పించాలి. అంత శక్తి లేకపోతే రెండు గువ్వలు చాలు. ఇంకొక అర్పణలో గువ్వలకు కూడా శక్తి లేనివాడు కొంచెం పిండి తెస్తే చాలన్నారు. యేసు పుట్టిన తర్వాత మరియ, యోసేపు యెరూషలేము గుడికి పోయినప్పుడు వారి అర్పణగా లూకా రాసినది ఆ పిట్టల జతనే. లూకా వాళ్లు పేదవాళ్లని వేరే చెప్పలేదు. పిట్టలను చూసి మనం తెలుసుకోవాలి. అదే గుడిలో పెద్దయిన యేసు పడదోసింది గువ్వలమ్మే వారి పీటలను. పేదవాడి అర్పణ మీద జరిగే వ్యాపారం ఆయన కళ్లకు ఎట్లా కనిపించి ఉంటుందో ఆలోచించాలి.

పిచ్చుకల లెక్క ఇంకా చిత్రం. మత్తయి సువార్తలో కాసుకు రెండు పిచ్చుకలు. లూకాలో రెండు కాసులకు ఐదు. నాలుగు కొంటే ఒకటి కొసరు అన్నమాట. ఆ కాసు దేనారంలో పదహారో వంతు, దేనారం ఒక కూలివాడి రోజు కూలి. 301లో రోము చక్రవర్తి డయొక్లీషియన్ ధరలకు హద్దు పెడుతూ వేయించిన పట్టికలో కూడా తినే పిచ్చుకల ధర ఉంది. పేదలు తినే మాంసం అది. ఆ కొసరు పిచ్చుకను కూడా దేవుడు మరవడని యేసు చెప్పిన మాట మా సంత మనుషులకు బాగా అందుతుంది. గంపలు అమ్మేటప్పుడు కొసరు అడగని బేరం మేము ఎరగం.

మన దగ్గరా పిట్టలకు ధర కట్టే రోజు ఒకటి ఉంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని పెద్దలు అంటారు. ఇప్పుడు అది తెలంగాణ రాష్ట్ర పక్షి. చూడాలనే కోరిక కొద్దీ కొందరు దాన్ని పట్టించి, పంజరంలో పెట్టించి, డబ్బిచ్చి చూస్తారు. పిట్టను పట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కేసయ్యేది పట్టిన పేదవాడి మీద, పుణ్యం వచ్చేది చూసినవాడికి. గువ్వలమ్మే పీటలను ఎందుకు పడదోశాడో ఇక్కడ కూడా కనిపిస్తుంది.

పక్షిరాజు ఎవరు?

యెషయా గ్రంథంలో, నిర్గమకాండంలో పక్షిరాజు రెక్కల మాట ఉంది. గోడల మీద వేసే బొమ్మల్లో అది వంకర ముక్కు, మెడ నిండా ఈకలున్న డేగ. హీబ్రూలో ఆ పిట్ట పేరు 'నెషెర్'. మీకా గ్రంథంలో దాని బోడితలను గురించి చెప్పారు. తల మీద ఈకలు లేని పెద్ద పిట్ట డేగ కాదు, రాబందు. అరబ్బీలో కూడా అటువంటి పేరే రాబందుకు ఉంది. అందుకే నెషెర్ అంటే రాబందే అయి ఉంటుందని చాలామంది పండితుల మాట. తెలుగు అనువాదకులకు కూడా ఈ తికమక తెలుసు. ఒకచోట పక్షిరాజు అన్నారు, మీకాలో బోరుగద్ద అన్నారు.

మన ఊళ్లలో రాబందును ఎవరూ రాజు అనలేదు. పీనుగు తినేదని అసహ్యించుకున్నారు. చచ్చిన పశువును ఊరవతలికి ఈడ్చేవారినీ అట్లాగే చూశారు. ఊరిని శుభ్రం చేసింది ఆ ఇద్దరే. దేవుడు తన జనాన్ని మోసిన రెక్కలకు బైబిలు పెట్టిన పోలిక బహుశా ఈ పిట్టదే.

మా చిన్నప్పుడు ఊరి బయట రాబందులు దిగడం చూశాం. మా బడి పిల్లలు పుస్తకంలోనే చూశారు. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు ఆ పశువు చచ్చాక రాబందు కడుపులోకి పోయి, మూత్రపిండాలు చెడి, అవి చచ్చిపోయాయి. 1990ల తర్వాత పదిహేనేళ్లలోనే మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకం మీద నిషేధం వచ్చింది. తెలంగాణలో కుమ్రంభీం జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద కొన్ని కనిపించాయి. పక్షిరాజు పాట పాడుతున్నాం, ఆకాశంలో పక్షిరాజు లేడు.

గంప, ఉరి

యేసు తనను ఒక్కచోట కోడితో పోల్చుకున్నాడు. యెరూషలేమును చూసి దుఃఖపడుతూ, కోడి తన పిల్లలను రెక్కల కింద చేర్చినట్లు చేర్చాలని ఎన్నిసార్లో అనుకున్నానన్నాడు. డేగ అనలేదు, సింహం అనలేదు, పెంట మీద గెలికే కోడి అన్నాడు. గద్ద నీడ నేల మీద పడగానే కోడి చేసే చప్పుడు వేరు. పిల్లలు తినడం ఆపి రెక్కల కిందికి ఉరుకుతాయి. ఇది చూసినవాడికి ఆ మాటలోని బాధ తెలుస్తుంది. ఆ గద్ద నుంచి కాపాడటానికి కోళ్ల గంప అల్లింది మేమే. ఈతాకు, వెదురు చీల్చి మా తల్లులు అల్లిన గంపలు తరతరాలుగా ఊరి కోడిపిల్లలను కాచాయి. ఆ ఊళ్లు మాత్రం మమ్మల్ని గంప కింద పెట్టలేదు.

కీర్తనల్లో పిట్టకు ఇంకొక చిత్రం ఉంది. వేటకాని ఉరి నుంచి తప్పించుకున్న పిట్ట. ఇది చదివినప్పుడు మాకు మా చరిత్ర గుర్తొస్తుంది. 1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. కోస్తా జిల్లాల్లోని మా చుట్టాలు పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. వేలిముద్రలు, హాజరు, చీటీ లేకుండా ఊరు దాటకూడదన్న ఆంక్ష. బాపట్ల దగ్గర స్టువార్టుపురం సెటిల్‌మెంటును 1913 ప్రాంతంలో పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది.

ఆ చోట్ల బడి దొరికింది, కొంత భూమి దొరికింది, బైబిలు చదివే అక్షరం దొరికింది. ఇది మరవకూడదు. బయటికి పోవడానికి సెలవు చీటీ కావలసి వచ్చింది. ఇదీ మరవకూడదు. గువ్వ బొమ్మ చూపిన చేతిలోనే పంజరం తాళం కూడా ఉంది. చట్టం 1952లో రద్దయింది. ఉరి తెగింది గాని అనుమానం తెగలేదు. ఇప్పటికీ మా పిల్లవాడు పట్నంలో అద్దె ఇల్లు అడిగితే ముందు కులం అడుగుతారు.

పిట్టతో పేదవాడి గోడు చెప్పించడం తెలుగు సాహిత్యంలోనూ జరిగింది. గుర్రం జాషువా 1941లో రాసిన 'గబ్బిలం' కావ్యంలో అంటరానివాడు తన బాధను శివుడికి గబ్బిలంతో చెప్పి పంపుతాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, ఇతనికి గబ్బిలమే దొరికింది. లేవీయకాండం గబ్బిలాన్ని అపవిత్రమైన పిట్టల వరుసలో చివర పెట్టింది. వరుసలో చివర నిలబెట్టిన జీవి దగ్గరే గోడు చెప్పుకోవడం ఎందుకో మాకు అర్థమవుతుంది.

శకునం వేరు, ఎరుక వేరు

ఇప్పుడు మేము పారబోసిన గంప సంగతి. మా అవ్వల కాలంలో ఆడవాళ్లు బుట్ట, కర్ర పట్టుకుని ఊరూరా ఎరుక చెప్పేవారు. పిట్ట ఎటు నుంచి ఎటు పోయింది, ఏ వేళ అరిచింది అని శకునం చూసేవారు. ధర్మశాస్త్రం శకునాలు చూడవద్దంది. మారుమనస్సు పొందినవాళ్లు దాన్ని వదిలేశారు. తీతువు అరిస్తే చావు అని బెదిరించి బియ్యం అడగడం పోయినందుకు మాకు విచారం లేదు.

గాని శకునంతో పాటు తెలివీ పోయింది. తీతువు రాత్రి ఎందుకు అరుస్తుంది? అది నేల మీదనే గుడ్లు పెడుతుంది. నక్కో, కుక్కో, మనిషో దగ్గరికి వస్తే తల్లి లేచి అరుస్తుంది. పిల్లలను కాచుకునే అరుపును మనం చావు కబురు అన్నాం. ఈ సంగతి పొలంలో పడుకున్న మా తాతలకు తెలుసు. ఏ పిట్ట వస్తే వాన దగ్గరికొచ్చిందో, ఏది పోతే చలి తగ్గిందో కూడా తెలుసు. దానికి పేరు శకునం కాదు, ఎరుక. ఎరుక అంటే తెలుసుకోవడం. మా కులం పేరు ఆ మాట నుంచే వచ్చిందని చెప్పుకుంటాం.

బైబిలు ఈ ఎరుకను తప్పు పట్టలేదు, మెచ్చుకుంది. యిర్మీయా ప్రవక్త సంకుబుడి కొంగ, గువ్వ, మంగలకత్తి పిట్ట తమ రాకడ కాలాన్ని ఎరుగుతాయని, మనుషులు మాత్రం న్యాయాన్ని ఎరగరని బాధపడ్డాడు. పాలస్తీనా మీదుగా ఏటేటా లక్షల కొంగలు ఐరోపాకు, ఆఫ్రికాకు వలస పోతాయి. తలెత్తి వాటిని చూసినవాడే ఆ మాట అనగలడు. నోవహు పిట్టను వదిలింది తన రాత తెలుసుకోవడానికి కాదు, నేల ఉందో లేదో తెలుసుకోవడానికి. అది శకునం కాదు, ఎరుక.

బైబిల్లో పిట్టలకు ఉన్న అర్థాలు గద్దె మీద కూచున్న పండితుల నుంచి ముందుగా రాలేదు. గొర్రెలు కాచినవాళ్లు, వల పన్నినవాళ్లు, సంతలో పిచ్చుకలు కొన్నవాళ్లు, కోళ్లు పెంచిన తల్లులు చూసిన సంగతుల నుంచి వచ్చాయి. అటువంటి చూపు మా దగ్గర ఉండేది. మాకు రాదని చెప్పిన చదువులో సగం మా ఇంటి సరుకే.

మనం చేయాల్సింది

తోటి ఉపాధ్యాయులకు మా మనవి చిన్నది. పిల్లలకు పావురం బొమ్మ గీయమని చెప్పే ముందు బడి గోడ మీద వాలే నాలుగు పిట్టలను చూపించండి. పావురానికి, గువ్వకు తేడా అడగండి. ఇంట్లో అవ్వను, తాతను అడిగి పిట్టల పేర్లు రాసుకుని రమ్మనండి. ఎరుకల బాసలో ఒక పేరు, లంబాడీ బాసలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు ఒకే కాగితం మీద రాయించండి. ఆ పేర్లు చెప్పేవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

యువకులకు ఒక మాట. మిమ్మల్ని ఎవరైనా కాకితో పోలిస్తే తల దించుకోకండి. కరువు రోజుల్లో వాగు గట్టున ప్రవక్తకు రొట్టె ఎవరు తెచ్చారో అడగండి.

మళ్లీ నవంబరులో ధారూర్ పోతాం. బ్యానర్ మీద పావురం ఉంటుంది, ఉండనీయండి. అన్నం తిన్నాక నాలుగు మెతుకులు చెట్టు మొదట్లో వేయమని ఈసారి పిల్లలకు చెబుతాం.